దొర ఒళ్లో తాంబూలం

ఫిబ్రవరి మొదటి గురువారం. ఎమ్మిగనూరు. పొద్దున ఏడు దాటింది.

హాజరైనవారు: నేను, అంటే దిగువ కాలువ మీద నీటి మట్టాలు చూసి రాసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. బస్సు కండక్టరుగా రిటైరైన నా మిత్రుడు. రుమాళ్లు, లుంగీలు అమ్మే సాయిబు. మేం ముగ్గురం రోజూ కూర్చునే ఉగ్గాణి హోటలు యజమాని. వీధికి అవతల, బంగ్లా వసారాలో, తన కుర్చీలో దొర. ఆయన తెల్లవారుజామున పోయాడు. అయినా ఈ పట్టీలో ఆయన్ను చేర్చక తప్పదు. ఆ రోజు మా అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఆయనే.

వాళ్లది లింగం కట్టుకునే ఇల్లు. పోయిన మనిషిని పడుకోబెట్టరు. స్నానం చేయించి, విభూతి పూసి, కొత్త రుమాలు చుట్టి, కూర్చోబెడతారు. సమాధిలో కూడా అలాగే కూర్చోబెట్టి మట్టి పోస్తారు. మా వీధికి ఇదంతా విని తెలుసు గాని, చూసి తెలియదు. ఆ బంగ్లాలో మా ఎరుకలో జరిగిన మొదటి చావు ఇదే. పైగా ఆయన్ను కూర్చోబెట్టింది ఎక్కడో కాదు, రోజూ కూర్చునే టేకు కుర్చీలోనే, అదే స్తంభం పక్కన, వీధి వైపు ముఖం పెట్టి. నడుము దగ్గర ఆసరాకు ఒక శాలువా కట్టారు. తేడా అంతే.

దొర అంటే ఇప్పుడు భూములున్న దొర కాదు. భూములు ఎప్పుడో పోయాయి. మిగిలింది బంగ్లా, కదలని ఒక జీపు, ఆ కూర్చునే తీరు. ఆయన కుర్చీ ముందు నుంచి ఎవరూ సైకిలు తొక్కుకుంటూ పోకూడదని పూర్వం ఒక కట్టుబాటు ఉండేది. అది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు, ఆయనకు అసలే తెలియదు. నన్ను చూస్తే మాత్రం ప్రతి పొద్దూ ఒకే మాట అడిగేవాడు: "కాలువలో నీళ్లొచ్చినాయా?" ఎండాకాలంలో కాలువ అడుగున మేకలు తిరిగే రోజుల్లో కూడా అడిగేవాడు. నేను రిటైరై ఇన్నేళ్లయినా అడిగేవాడు.

ఇంకో అలవాటుంది. ఆయన నోటితో ఎన్నడూ 'సరే' అనడు. వద్దనుకుంటే కుడిచెయ్యి కొంచెం ఊపుతాడు. ఊపకపోతే ఒప్పుకున్నట్టు. మా వీధిలో ఎవరింట పెళ్లి జరిగినా ముందు రోజు పొద్దున మొదటి తాంబూలం తీసుకుపోయి ఆయన ఒళ్లో పెట్టి సెలవడగాలి. చెయ్యి ఊపకుండా తీసుకుంటాడు. పెళ్లికి మాత్రం రాడు. ఏ ఒక్క పెళ్లికీ రాలేదు. పేదవాళ్లని కాదు, ఉన్నవాళ్ల పెళ్లికీ రాలేదు. ఆ విషయంలో ఆయన అందరినీ సమానంగా చూశాడు.

ఇక మా హోటలాయన సంగతి. మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆయన కూతురి పెళ్లి. అది దాటితే ఆ వారంలో ఇంకో ముహూర్తం లేదు. హోటలు ముందే, అంటే బంగ్లాకు సరిగ్గా ఎదురుగా, పందిరి వేశారు. పిల్లవాడిది కోసిగి. ఆ ఇంటివాళ్లు ఏటా ఈ కాలంలో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. పెళ్లయిన మూడో రోజు లారీ ఎక్కాలి. ఆ లారీ పోతే మళ్లీ ఊరికి రావడం ఉగాదికే. పోయిన ఏడు ఇదే పెళ్లి ఒకసారి ఆగింది. అప్పుడు పిల్లవాడి అవ్వ పోయింది. రెండోసారి కూడా చావు వచ్చి ఆగితే జనం పోయినవాళ్లను ఏమీ అనరు, పెళ్లికూతురినే అంటారు. ఆ సంగతి తండ్రికి తెలుసు. అందుకే ఆ పొద్దున బంగ్లాలో ఏడుపు వినబడగానే ఆయన, ఏం చేస్తున్నాడో తెలియక, ఉగ్గాణికి వాడే బొరుగుల మూట మొత్తం నీళ్లలో నానబోశాడు. ఉగ్గాణి తినడానికి మేం ముగ్గురమే ఉన్నాం.

"శవం ఎప్పుడు లేస్తుందంటా?" అని సాయిబు అడిగాడు.

"కూతురు ధార్వాడ నుంచి రావల్లంట. రేపు తొమ్మిది దాటినంక గాని ఎత్తరంట," అన్నాడు కండక్టరు. ఆయన రిటైరైనా విజిలు వేయడం మానలేదు. ఏ సంగతికైనా రూలు చెబుతాడు. "శవం లేసేదాంకా ఈదిలో పొయ్యి ఎలిగించకూడదు. మేళం మోగకూడదు. గుడి తలుపు తెరవకూడదు."

"మరి నువ్వు తాగేది ఏ పొయ్యి మీద కాగిందన్నా?" అని సాయిబు అన్నాడు.

"ఇది రూలు తెలీకముందు కాగింది," అని కండక్టరు టీ పూర్తి చేశాడు.

సరిగ్గా అప్పుడు హోటలాయన తల్లి వచ్చింది. ఆమె గోనెగండ్లలో చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. రెండు కళ్లలోనూ పొర, చెవి కూడా అంతంతమాత్రం. మనవరాలి పెళ్లికని మొదటి బస్సుకు దిగి, పద్ధతి తెలిసిన మనిషి గనక, ఇంటికి రాకుండా ముందు బంగ్లా గేటులోకి పోయింది. అప్పటికి జనం ఇంకా చేరలేదు. లోపలివాళ్లు లోపలున్నారు. ఆమె చెప్పులు గేటు దగ్గర విడిచి, కుర్చీ ముందు వంగి, కొంగులోంచి ఏదో తీసి ఆయన ఒళ్లో పెట్టి, చాలాసేపు మాట్లాడింది.

"సూసినారా," అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి, "ఆ ముసలామెకు ఉండే భక్తి. బస్సు దిగుతానే కడసారి సూపుకు పోయింది. మనం ఈడ ఉగ్గాణి తింటాండాం."

మేం కొంచెం సిగ్గుపడి ప్లేట్లు పక్కన పెట్టాం. ఆమె వీధి దాటి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అయిపోయింది రా నాయనా, ఇంగ దిగులు లేదు," అంది కొడుకుతో. "తాంబూలం ఒళ్లో పెట్టినా. మనవరాలి పెండ్లి దొరా, సెలవీయప్పా అన్న్యా. ఇచ్చినాడు."

కండక్టరు బెంచీ మీద ముందుకు జరిగాడు. "ఇచ్చినాడా?"

"చెయ్యి ఊపలేదే. ఊపకుంటే ఇచ్చినట్టే గదా. కొంచెం సిక్కినాడు పాపం. అయినా పొద్దున్నే అన్ని దండలేసుకోని కూసున్నాడే, ఏమన్నా సన్మానమా?"

"అమ్మా," అన్నాడు కొడుకు, "దొర సచ్చిపోయినాడమ్మా. తెల్లారుజామున."

ఆమె వెనక్కి తిరిగి బంగ్లా వైపు కళ్లు చికిలించి చూసింది. "మరి కూసున్నాడే?"

మేమూ అటు చూశాం. నిజంగానే కూర్చున్నాడు.

"సచ్చినోళ్ల సెలవు సెల్లదవ్వా," అన్నాడు కండక్టరు చివరికి.

"ఎందుకు సెల్లదు? నీ కొడుకు పెండ్లికి నోరు తెరిచి సరే అన్నాడా? ఇట్లనే గదా కూసున్నాడు?"

కండక్టరు కొడుకు పెళ్లి నాటి తాంబూలానికి నేను కూడా వెంట వెళ్లాను. ఇలాగే కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు అన్నీ రాసి పెట్టుకుంటావు గదా," అని హోటలాయన నా వైపు తిరిగాడు. "దొర నాయన పోయినప్పుడు ఈదిలో ఎట్ల చేసినారో సూడు."

పాపం, ఆయన ఆశ అంతా నా పాత డైరీలున్న ట్రంకు పెట్టె మీద పడింది. ఇంటికి పోయి వెతికాను. ఆ రోజు పేజీ దొరికింది కూడా. ఇలా రాసుకున్నాను: 'దొరగారి తండ్రి ఆదోనిలో పోయారట. కాలువ మట్టం తగ్గింది. బెండకాయలు ముదురు.' ఊరికి ఇంతకంటే పనికొచ్చే మాట ఒక్కటీ రాయలేదు. తిరిగి వెళ్లి, ఏమీ దొరకలేదని చెప్పాను. బెండకాయల సంగతి చెప్పలేదు.

పది గంటలకల్లా ఊరు కదిలింది. మొదట కనబడిన వింత సైకిళ్లది. దొర బతికి ఉన్నన్నాళ్లూ ఆయన ముందు దిగమంటే గొణిగినవాళ్లు, దిగడం మానేసినవాళ్లు, ఆ రోజు ఎవరూ చెప్పకుండానే దిగారు. పోయిన నెల సైలెన్సర్లు విప్పుకుని ఆ వీధిలో పందేలు పెట్టుకున్న కుర్రవాళ్లు మూల మీదే బండ్లు ఆపి, తోసుకుంటూ వచ్చారు. గేటు దాటాక మళ్లీ స్టార్టు చేశారు. సగం మంది కుర్చీ ముందుకు రాగానే చేతులు జోడించి, "బాగుండారా దొరా," అనబోయి నాలుక కరుచుకున్నారు. ఒకాయన అనేశాడు కూడా.

అందరికంటే గట్టిగా ఏడ్చింది పొలం దారి కోసం దొర మీద కోర్టులో వ్యాజ్యం నడిపిన రైతు. ఇద్దరూ ఆదోని కోర్టుకు వాయిదాలకు ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో పోయేవారు. "నాతో కేసు ఆడే మొగోడు ఇంగెవరుండాడప్పా!" అని స్తంభం పట్టుకుని కూలబడ్డాడు. ఆ దుఃఖం నటన కాదు. వాయిదా లేని నెల ఎలా గడుస్తుందో ఆయనకు నిజంగా తోచలేదు.

మిగిలినవాళ్లందరి దగ్గరా ఒకటే కథ ఉంది. దొర ఒకనాడు తన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పైకొస్తావురా," అన్నాడట. మధ్యాహ్నానికి ఆ కథ ఎన్ని నోళ్ల విన్నానో చెప్పలేను. దొర ఎవరి భుజం మీదా చెయ్యి వేయడం నేను చూడలేదు. కానీ ఆ రోజు వింటూ ఉంటే, నా భుజం మీద కూడా ఎప్పుడో వేశాడేమో అనిపించసాగింది.

మధ్యాహ్నం ఆదోని నుంచి పత్తి వ్యాపారులు రెండు జీపుల్లో వచ్చారు. దొర పుట్టింది ఆదోనిలో. అందుకని బస్టాండు గోడంత ఫ్లెక్సీ ఒకటి తెచ్చారు. 'ఆదోని ముద్దుబిడ్డకు అశ్రునివాళి.' అందులో దొరకు పాతికేళ్లుంటాయి, కోర మీసం, చేతిలో తుపాకి. "ఈ హీరో ఎవరు?" అని పిల్లలు అడిగారు. అంతకుముందే మా ఊరివాళ్లు 'ఎమ్మిగనూరు పెద్దదిక్కు' అని ఒక ఫ్లెక్సీ కట్టి ఉన్నారు. అది చిన్నది. ఏది పైన కట్టాలన్న దాని మీద గేటు దగ్గర మాటలు పెరిగాయి.

"మీ ఊర్లో ఆయన ఉండింది లంగోటీ వయసులో!" అన్నారు మావాళ్లు.

"మీ ఊర్లో ఉండింది మా ఊరు బాగలేక కాదు లే, ఈడ గాలి బాగుంటుందని!"

దొర వాళ్ల మధ్యే కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఊపలేదు.

"నా సంగతి సెప్తే నవ్వుతారు," అన్నాడు సాయిబు మాతో. "పొద్దుటి నుంచీ తెల్ల రుమాళ్లన్నీ అమ్ముడుపోయినాయి. మాసిన రుమాలుతో దొర ముందుకు యాడ పోతామని అందరూ కొత్తవి తీసుకున్నారు. ఆయన మాత్రం జిందగీలో నా అంగట్లో ఒక్కటి కొనలే, గదగ్ నుంచి తెప్పిస్తా ఉండె." అని నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటూ, "మంచోడు," అన్నాడు.

ఈ సందడి అంతట్లో ఎదుటి పందిరి కింద ఎవరూ నవ్వలేదు. అరటి చెట్లు సగం కట్టి వదిలేశారు. పసుపు చేతులతో ఆ పిల్ల ఒకసారి వాకిట్లోకి వచ్చి, "నాయనా, మళ్లా ఆపుతారా?" అని అడిగింది. తండ్రి, "నువ్వు లోపలికి పో," అన్నాడు. మాఘమాసం, ఊళ్లో కల్యాణ మండపాలన్నీ నిండి ఉన్నాయి. గుడిలో చేద్దామంటే శవం లేచేదాకా గుడి తెరవరు.

పొద్దు వాలుతుండగా కోసిగి నుంచి పిల్లవాడి మేనమామ వచ్చాడు. కూలీలను కోతలకు తీసుకుపోయే మేస్త్రీ ఆయనే. ఆటో మూల మీద దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని బంగ్లా దాటి వచ్చాడు.

"బావా, మీ దొర పోయినందుకు మాకూ బాధనే," అన్నాడు. "కానీ శవం ఎదురుంగ తాళి కడతామంటే మా ఆడోళ్లు ఒప్పుకోరు. లారీ ఆగదు. ఆడ తోటలో కాయ పండిపోయింది. రేపు కాదంటే ఉగాదికే."

"ఉగాదికైతే అవుతుందా?" అన్నాడు హోటలాయన.

మేస్త్రీ చేతిలోని చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాడు. రెండుసార్లు ఆగిన పెళ్లి గురించి కోసిగిలో ఏమంటారో ఆయన చెప్పక్కర్లేదు.

"అసలు ఈ అవ్వ తాంబూలం పెట్టడమే తప్పయింది," అని కండక్టరు అందుకున్నాడు. "శుభకార్యం తాంబూలం శవం ఒళ్లో ఉండకూడదు. ముందు పోయి అది తీసుకురా అవ్వా. అదీ రూలు."

ముసలామెకు పొద్దుటి ధైర్యమంతా పోయి ఉంది. లేచింది. చూపు ఆనదు గనక నేను చెయ్యి పట్టుకుని నడిపించాను.

దొరసానమ్మ వసారా వెనక గది గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. ఆమెది కర్ణాటక వైపు పుట్టిల్లు, తెలుగులో ఇప్పటికీ కన్నడం తగులుతుంది. ముసలామె గడప బయటే కూలబడింది.

"తల్లీ, కండ్లు కనపడక పెట్టినా. తెలీదు నాకు. తాంబూలం తీసుకోని పోతా."

"సాకు, సాకు. ఇంక సాలు, ఏడవద్దు," అంది దొరసానమ్మ. "పొద్దున తలుపు ఎనక నుంచి నేను సూస్తానే ఉండా. నువ్వు పెట్టినావు. ఆయన వద్దనలేదు."

"వద్దనేదానికి..." అని నేను నసిగాను.

"ఈ ఇంటికి వచ్చిన తాంబూలం వాపసు పోయింది లేదప్పా. మా అత్త కాలం నుంచీ లేదు. ఇయ్యాల పంపిస్తే ఏమంటారు? దొర పోయిన పొద్దే ఇల్లు మాట తప్పిందంటారు."

వీధిలో మైల అంటున్నారని, తాళి కట్టకూడదంటున్నారని చెప్పాను. ఆమె చాప మీద కొంచెం ముందుకు జరిగింది.

"లింగం కట్టుకున్నోళ్లకు సావు మైల లేదు. మా జంగమయ్యగారు పొద్దున కూడా అదే సెప్పి పోయినారు. ఇంట్లో ఉండే నాకు లేని మైల ఎదురింటోళ్లకు యాడ నుంచి వచ్చింది?"

దీనికి రూలంటూ ఉంటే కండక్టరు దగ్గర ఉండాలి. ఆయన గేటు బయటే ఆగిపోయాడు.

"ఇంగొకటి," అంది ఆమె. "రేపు ఆయన్ను మేళంతో సాగనంపల్ల. మేం పిలిచిన మేళమూ, మీ పెండ్లి మేళమూ ఒకటేనంట. ముందు పెండ్లికి వాయించి రమ్మను. ఆయనకేం తొందర? కూర్చునే ఉండాడు."

నవ్వవచ్చో లేదో తెలియక నేను స్తంభం వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేదు, ఇప్పటికీ.

ఆ మాటతో తిరిగొస్తే మేస్త్రీ ఫోను తీసి కోసిగికి మాట్లాడాడు. అవతల పిల్లవాడి తల్లి గొంతు అందరికీ వినబడింది. "సావు ఇంటోళ్లే ఒప్పుకున్నంక మనమెవరం అనేదానికి? అయితే నడుమ తెర కట్టమను. మా కోడలి కంటికి కనపడకూడదు."

పందిరికీ బంగ్లాకూ నడుమ, వీధి పొడుగునా కట్టాలంటే అంత పెద్ద తెర ఎక్కడ దొరుకుతుంది? అందరం ఒకేసారి గేటు వైపు చూశాం. ఆదోనివాళ్ల ఫ్లెక్సీ ఇంకా ఎక్కడా కట్టకుండా గోడకు చేరవేసి ఉంది. సాయిబు వెళ్లి అడిగాడు. ఊరంతటికీ మీదే పెద్దదిగా కనబడుతుందని చెప్పేసరికి వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. తెల్లటి వెనక వైపు పందిరికీ, తుపాకి పట్టుకున్న కుర్ర దొర బంగ్లాకూ వచ్చేలా గేటు ముందరి రెండు కరెంటు స్తంభాలకు కట్టారు. ఆ సాయంత్రం పెద్ద దొర, చిన్న దొర ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నట్టయింది. హోటలాయన అరటి చెట్లు మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి తాళి కట్టారు. మేళం గట్టిగానే మోగింది. తెర కదల్లేదు. నానబోసి, పిండి ఆరబెట్టిన బొరుగులన్నీ పెళ్లివారి ఫలహారానికి సరిపోయాయి. కండక్టరు మొదటి బంతిలోనే కూర్చున్నాడు.

"శవం లేయలేదు గదన్నా, రూలేమయింది?" అని సాయిబు అడిగాడు.

"దొరసానమ్మ మాట రూలు కంటే పెద్దది," అని కండక్టరు ఇంకో గరిటె వేయించుకున్నాడు.

బంతి లేవకముందే మేళంవాళ్లు అవే చొక్కాలతో, మెడలో పెళ్లివారు వేసిన దండలతో, వీధి దాటి బంగ్లాలోకి పోయారు. ధార్వాడ కూతురు వచ్చింది. దొరను పూల విమానంలో కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తారు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఆ ఫ్లెక్సీ దారికి అడ్డంగా ఉందని. విప్పక తప్పలేదు. విప్పేసరికి పందిరీ విమానమూ ఎదురుబొదురయ్యాయి.

మోసేవాళ్లు ఆగారు. పెళ్లివారు లేచి నిలబడ్డారు. కోసిగి ఆడవాళ్లు కళ్లు మూసుకోవాలనుకుని, మూసుకోకుండా చూశారు. తలలో అక్షింతలతో ఆ పిల్ల, పక్కన పిల్లవాడు, చేతులు జోడించారు. దొర కొత్త రుమాలుతో నిటారుగా కూర్చుని ఉన్నాడు. తాంబూలం ఇంకా ఒళ్లోనే ఉంది, ఆకులు కొంచెం వాడాయి. అలవాటు చొప్పున నా నోట్లో, 'నీళ్లు బాగనే వస్తాండాయి దొరా,' అన్న మాట తయారైంది. మింగేశాను.

ముసలామె మనవరాలి భుజం పట్టుకుని ముందుకు వంగి, కళ్లు చికిలించి చూసింది.

"సూసినావా," అంది బంతిలో ఉన్న కండక్టరు వినేలా. "ఈదిలో ఇన్ని పెండ్లిండ్లయినాయి, ఒగదానికి రాలే. మా పిల్ల పెండ్లికి వచ్చినాడు."

కండక్టరు విస్తరి ముందు నుంచి లేచి, కుడిచెయ్యి ఎంగిలి గనక ఎడమచేత్తో దండం పెట్టాడు. మేళం మళ్లీ మొదలైంది.